మింగేసిన మాట

దర్జీకి తనతో తాను మాట్లాడుకోవాలన్నా సినిమా పాటే కావాలి. మనసుని ఆడమనిషిలా ‘ఏమే’ అని మందలించే పాటలంటే ప్రాణం. పళ్ల మధ్య గుండుసూదులతో, మిషను తొక్కుతూ పాడుకుంటాడు. ‘మనసా’ అన్న ఒక్క మాటనే సిగ్గుతో మింగేస్తాడు.

ఆ సాయంత్రం భార్య ఆస్పత్రి నుంచి వచ్చి గుమ్మంలో కూలబడింది. “నాకు ఆపరేషన్ చేసినా నమ్మకం లేదన్నారయ్యా.”

ఏదో ఒకటి అనాలనుకున్నాడు. పాటే వచ్చింది. “ఊరుకోవే... ఇక నీకెవరున్నారే...”

ఆమె తలెత్తింది. “నాకెవరున్నారా? నువ్వున్నావనుకున్నాను!”

సూదులు ఉమ్మేశాడు. “నిన్ను కాదే. నన్ను నేనే అనుకున్నా.”

“నిన్ను నువ్వే ‘ఊరుకోవే’ అనుకుంటావా?”

అవునన్నాడు. అతని చెవికే అది అబద్ధంలా వినిపించింది. ఆమె గోడవైపు తిరిగి కూర్చుంది.