వెనక్కి కదిలే బండి, మా కనెక్షన్ బాబాయి

బాబాయి వెళ్లిపోయారని ఫోన్ వచ్చినప్పుడు నేను బచేలి ఆసుపత్రిలో డ్యూటీలో ఉన్నాను. "ఏ బండికి?" అని అడిగేశాను. ఎవరైనా వెళ్లారంటే ఏ బండికని అడగడం దంతెవాడ కొండల్లోని మా కిరండూల్ వాళ్లకు అలవాటు, ఆ అలవాటు నేర్పిందీ ఆయనే. అవతల ఏడుపు వినిపించింది. అప్పుడు అర్థమైంది, బాబాయి ఇక లేరని.

ఆయన పేరు సత్యం. బండి మారే కనెక్షన్ల దారి చెప్పేవారు కనుక ఊరంతటికీ మాత్రం కనెక్షన్ బాబాయి. తండ్రి విజయనగరం పల్లె నుంచి ఇక్కడి ఇనుప గనిలో పనికి వచ్చేనాటికి ఆయన చంటిబిడ్డ. పెరిగి అదే గనిలో ఖనిజం మోసే బెల్టుల మెకానిక్ అయ్యారు. రైల్వేతో ఆయనకు ఏ ఉద్యోగ సంబంధమూ లేదు. అయినా విశాఖపట్నం స్టేషను ఆయనకు కరతలామలకం.

మా కొండ మీది నుంచి పెద్దాసుపత్రికైనా, కాలేజీకైనా, పెళ్లికైనా వెళ్లాలంటే సొరంగాలన్నీ దాటి విశాఖలో దిగి బండి మారాలి. అందుకని ప్రయాణం ఉన్నవాళ్లు ముందు బాబాయి క్వార్టరుకు వెళ్లేవాళ్లు. ఆయన వాకిట్లో సుద్దముక్కతో స్టేషనంతా గీసేవారు. ప్లాట్‌ఫారాలు, పైవంతెన, మంచినీళ్ల కుళాయి, ఆడవాళ్ల వెయిటింగ్ రూము ఏదీ మరిచేవారు కాదు. ఆ పైన మూటలూ పెట్టెలూ మోసుకుని ఆ గీతల మీద నడిచి చూపించాలి. "సామాను లేకపోతే అందరూ నడుస్తారు" అనేవారు. గంపలు ఎత్తుకున్న గోండు ఆడవాళ్లనీ, పెద్ద ఇంజనీరు గారి తల్లినీ ఒకే తీరున నడిపించిన సమదర్శి. ఆయన మాట్లాడే గోండి భాష విని ఆ గోండు ఆడవాళ్లు పడీపడీ నవ్వేవారు. పిన్ని ముగ్గుకు మురుగుకాలువ పక్కన జానెడు చోటు మిగిలేది. పండగ పూట కూడా నా గుమ్మంలో ప్లాట్‌ఫారాలేనా అని ఆవిడ దెప్పేది.

నా నర్సింగు సీటుకు విజయవాడ వెళ్లాల్సి వచ్చినప్పుడు నన్ను మూడుసార్లు నడిపించారు. ఆఖరున కుర్చీలో కూర్చోబెట్టి గంభీరంగా చెప్పారు.

"ఇప్పుడు బండి ఎనక్కెళ్తాది. కిరండూల్ ఎళ్లిపోతన్నామని దిగిపోకు. అక్కడ మనమొచ్చిన దారమ్మటే విజయవాడ ఎళ్లే బళ్లూ బయల్దేరతాయి. నువ్వు కూర్చో, అంతే."

అచ్చం అలాగే జరిగింది. బండి వచ్చిన దారినే కదిలేసరికి మా నాన్న సంచి భుజాన వేసుకుని లేచాడు. చొక్కా పట్టుకుని కూర్చోబెట్టాను. ఈ రోజు నేను వేసుకున్న తెల్ల కోటు ఆ ఒక్క మాట పుణ్యమే.

అంత పట్టుగా ఆ మాట ఎందుకు చెప్పేవారో ఆయనే నవ్వుతూ వినిపించేవారు. తుని అమ్మాయితో పెళ్లి కుదిరి, బంధువులతో విశాఖలో బండి మారారు. బండి కదిలి కాస్త దూరం పోయి సిగ్నలు దగ్గర ఆగింది. వస్తూ చూసిన షెడ్లే మళ్లీ కనిపించేసరికి పెళ్లికొడుకు గుండె జారిపోయింది. తిరిగి కొండకే పోతున్నామని, వద్దన్నవాళ్లను కూడా పెట్టెలతో సహా దింపేశారు. బండి మాత్రం నిక్షేపంగా తుని వెళ్లిపోయింది. వీళ్లు చేరేసరికి ముహూర్తం దాటింది. మామగారు సంబంధం వద్దన్నారట. పెళ్లికూతురు బాసికం విప్పకుండా కూర్చుని, "ఇంకో ముహూర్తం చూడండి. ఆయన వస్తారు" అందట. ఆవిడే మా పిన్ని.

వాళ్లకు పిల్లలు లేరు. పదో రోజులోగా బాబాయిని రాజమండ్రి గోదావరిలో కలపాలన్నది పిన్ని కోరిక. తోడుగా నేను బయలుదేరాను. ఆ రోజే మా బండి ఆలస్యమైంది. విశాఖలో దిగేసరికి రెండో బండికి నిమిషాలే మిగిలాయి. అది తప్పితే పదో రోజు దాటిపోతుంది. నేను బోర్డులు వెతకసాగాను. పిన్ని మాత్రం అస్థికల కుండ పొదువుకుని, బోర్డుల వంక చూడకుండా, వాకిట్లో నడిచినట్టే వంతెనెక్కి దిగింది. ఇన్నేళ్లుగా దెప్పుతూనే ఆ గీతలన్నీ కంఠస్థం చేసిందన్నమాట. ఎక్కి కూర్చున్నాక చెమట తుడుచుకున్నాం.

ఇప్పుడు ఫోన్లలో బళ్లన్నీ కనిపిస్తాయి. సామానుతో నడిపించి చూసే మనిషి మాత్రం మాకు మళ్లీ దొరకడు. ఆ మహానుభావుడికి నా నమస్సులు ఈ మాటల్లో ఇమడవు.

బండి వెనక్కి కదిలింది. ఎదుటి సీట్లో దంతెవాడ వైపు దంపతులు. ఆసుపత్రి కాగితాల సంచి పట్టుకుని భర్త కంగారుగా లేచాడు. పిన్ని చెయ్యి అడ్డం పెట్టి, "బైఠో భయ్యా, ఐసే హీ జాతీ హై" అంది, కూర్చోమని, బండి ఇలాగే వెళ్తుందని. అతను కూర్చున్నాడు. ఆవిడ ఒళ్లోని కుండ మీద కొంగు సర్ది, నా వైపు తిరిగి నవ్వింది. కళ్ల నిండా నీళ్లు.

"చూశావా అమ్మాయ్, మీ బాబాయిని ఈసారి దిగనివ్వలేదు."