తనంతట తానే మానేసినవాడు

దార్దో ఉన్ని మిల్లులో రంగుల తొట్ల దగ్గర పనిచేసేవాడు. ఉరుగ్వేలో, నది ఒడ్డున, ఆ మిల్లు మీదే బతికే చిన్న ఊరు అది. ఆర్డర్లు తగ్గినప్పుడల్లా మిల్లువాళ్లు కొందరిని కొన్నాళ్లు నిరుద్యోగ భృతి మీదకు పంపడం, పని రాగానే మళ్లీ పిలవడం అక్కడ మామూలే. దార్దో కూడా అలా చాలాసార్లు వెళ్లొచ్చాడు. భృతి అంటే అతని మనసులో చలికాలం లాంటిది. పని పోతే దానంతటదే వస్తుంది. రాకుండా పోతుందని ఏనాడూ అనుకోలేదు.

ఈసారి మిల్లే మూసేస్తారని పుకారు పుట్టింది. "మీ అంతట మీరే మానేస్తున్నట్టు సంతకం పెడితే మంచి సొమ్ము ముట్టజెబుతాం" అన్నారు ఆఫీసులో. మిగతావాళ్లు ఇళ్లకెళ్లి పెళ్లాలను అడిగారు, బావమరుదులను అడిగారు, యూనియన్‌లో తిట్లు తిని ఆగిపోయారు. దార్దో భార్య నిల్డా పోయి రెండేళ్లు. ఆ సాయంత్రం అతను కుక్కకు ఇంత తిండి పెట్టి, వంటింట్లో ఎదుటి కుర్చీ వంక కాసేపు చూశాడు. మర్నాడు పొద్దున్నే వెళ్లి సంతకం పెట్టేశాడు. కురిసే ఇంటికి కప్పు వేయించడానికే ఆ సొమ్ము చాలామటుకు అయిపోయింది. పింఛను వచ్చేదాకా భృతితో నెట్టుకొద్దామనుకున్నాడు.

కొన్నాళ్లకే మిల్లు మూతపడింది. ఉన్నవాళ్లందరినీ యాజమాన్యమే తీసేసింది. వాళ్లంతా కలిసి బస్సెక్కి భృతి ఆఫీసుకు వెళ్తుంటే దార్దో కూడా వెళ్లి వరసలో నిలబడ్డాడు.

"ఏరా, మాకంటే ముందే భోంచేసి లేచావుగా, మళ్లీ పంక్తిలోకి వచ్చావేం?" అన్నాడు మగ్గాల దగ్గర పనిచేసిన మిల్టన్.

"అరిగిపోయిందిరా" అన్నాడు దార్దో. అందరూ నవ్వారు.

కౌంటర్లో అమ్మాయి కాగితాలు తిరగేసింది.

"మీరు రాజీనామా చేశారు కదండీ."

"చేశానమ్మా. ఇప్పుడు మిల్లే లేదుగా."

"వాళ్లు తీసేస్తే వచ్చేది భృతి. మీరు సొమ్ము తీసుకుని మీరే మానేశారు."

"నేనుంటే మాత్రం తీసేసేవాళ్లు కారా?"

"తీసేసేవాళ్లే. అప్పుడు వచ్చేది." ఆ అమ్మాయి గొంతు తగ్గించింది. "ఎవరైనా బెదిరించి పెట్టించారా సంతకం? అలాగైతే చెప్పండి, విచారణకు పంపుతాను."

వెనకనుంచి మిల్టన్ అతని వీపు మీద పొడిచాడు. "అవునను. సాక్ష్యానికి మేం లేమూ?"

దార్దోకు తను సంతకం పెట్టిన మిల్లు ఆఫీసు గది కళ్ల ముందు కదిలింది. ఆ రోజు గుమాస్తా కుర్చీ వేశాడు. మంచినీళ్లిచ్చాడు. ఇంట్లోవాళ్లతో మాట్లాడుకుని రమ్మని కూడా అన్నాడు.

"లేదమ్మా" అన్నాడు దార్దో. "నేనే పెట్టాను."

"మొండి వెధవా!" అని పళ్లు నూరాడు మిల్టన్.

పని ముగించుకుని అందరూ బయట మెట్ల మీద కూర్చున్నారు. ఇక నెలనెలా ఇలాగే కలిసి వద్దామనీ, వచ్చినప్పుడల్లా ఎవరింట్లోనో మాంసం కాల్చుకుందామనీ అనుకుంటున్నారు. మాతే కషాయం పోసిన సొరబుర్ర చేతులు మారుతూ దార్దో దగ్గరికొచ్చింది. అతని వంతు ఎవరూ తప్పించలేదు. గొట్టంతో ఆఖరి చుక్కదాకా పీల్చి, బుర్ర నింపుతున్న మిల్టన్‌కు తిరిగిస్తూ, "థాంక్స్" అన్నాడు.

అక్కడ మాతే తాగుతూ ఆ మాటంటే ఇక తనకు పోయొద్దని చెప్పినట్టు. మిల్టన్ చెయ్యి ఒక్క క్షణం ఆగింది. తర్వాత వేడినీళ్లు పోసి పక్కవాడికి అందించాడు.