బంకు మీద పగ, బజ్జీల నూనె

మీసం సరిగ్గా మొలవని వయసులో ఒక్కొక్కరికి ఒక్కో శత్రువు ఉంటాడు. నా దోస్తుల్లో ఒకడికి లెక్కల సారు, ఇంకొకడికి ఇంటి ఓనరు. నాకు మాత్రం పెట్రోలు బంకు. నిజామాబాద్ పెద్ద బజారులో మాది స్టీలు సామాన్ల దుకాణం. బుద్ధి తెలిసిన నాటి నుంచి మా వీధిలో చెప్పిన ధరకు చేతులు మారిన వస్తువును నేను చూడలేదు. గిన్నె కొన్నవాడు మూత కొసరు అడుగుతాడు, మూత ఇస్తే చెంచా అడుగుతాడు. ఎవరైనా ఏమీ అడక్కుండా కొనుక్కుపోతే, తక్కువ చెప్పి మోసపోయానేమోనని మా బాపు ఆ పూట అన్నం సరిగ్గా తినడు. అలాంటి ఇంట్లో పెరిగిన నేను ఒక పాత డీజిల్ అంబాసిడరు కొని (చెప్పిన ధరలో సగానికి బేరం చేసి, స్టెప్నీ టైరు లేదని ఇంటికొచ్చాక చూసుకుని) మొదటిసారి బంకుకు వెళ్లాను. "ఎంతకిస్తవ్ అన్నా?" అన్నాను. గొట్టం పట్టుకున్నాయన నన్ను ఎగాదిగా చూసి, "బోర్డు మీద రాసున్నది గద," అన్నాడు. "అది అందరికి. నాకెంత?" అన్నాను. వెనక వరుసలో ఉన్న ఆటోలవాళ్లంతా నవ్వారు. ఆ నవ్వు చెవుల్లో ఉండగానే ఒట్టు పెట్టుకున్నాను, బేరం ఆడనివ్వని గడప నా కారు తొక్కదని.

వాడేసిన వంటనూనెతో బయోడీజిల్ చేసుకోవచ్చని ఫోనులో ఎవరో చేసి చూపిస్తుంటే చూశాను. నూనె వడగట్టి, వేడి చేసి, కాస్టిక్ సోడా కరిగించిన మెథనాల్ కలిపి వదిలేస్తే అడుగున జిగట దిగుతుంది, పైన తేనెరంగులో ఇంధనం తేలుతుంది. దాన్ని నీళ్లతో కడిగి, తడి పోయేదాకా ఆరబెట్టాలి. (మా అవ్వ, అంటే అమ్మ, ఆ జిగటతో పెరట్లో బండలు తోమి, "నీ సదువు గిట్లనన్న పనికొచ్చింది," అంది.) మరి నూనె ఎక్కడిది? పాత బట్టలకు స్టీలు గిన్నెలిచ్చేవాళ్లను మీరూ చూసే ఉంటారు. నేను మాడిన నూనెకు ఇవ్వడం మొదలుపెట్టాను. గాంధీచౌకు దగ్గర మిర్చి బజ్జీలు వేసే అక్క మొదటి డబ్బా నూనెను ఒక టీ జాలికి ఇచ్చేసింది. పారబోసేదానికి జాలి వచ్చిందని ఆమె, జాలికి ఇంధనం వచ్చిందని నేను, ఎదుటివాళ్లను ముంచేశామన్న సంతోషంతో ఇద్దరం విడిపోయాం. దానికి మించిన బేరం లేదు.

అయితే ఆ కారు రోజూ ఆమె బండి ముందు నుంచే, ఆమె బజ్జీల వాసన ఆమెకే కొడుతూ వెళ్లేది. కొన్నాళ్లకు ఆమె నన్ను ఆపి, "తమ్మీ, ఇగ జాలి గీలి నడ్వది. నాలుగు గిన్నెల టిఫిను డబ్బ తే," అంది.

"అక్కా, అది పారబోసే నూనె."

"నేను పారబోస్తుంటి. నువ్వు కారుల పోస్తున్నవ్. కారుల పోసేదానికి కారు లెక్కనే ఉంటది రేటు. అవుతలి గల్లీల పునుగులాయనకు బిందె ఇచ్చినవంట. నేనేం పాపం జేసిన?"

ఊళ్లో మాడిన నూనెకు విలువ పుట్టించిన ఘనత అలా నాకే దక్కింది. దుకాణంలో అరలు ఖాళీ అవుతుంటే బాపు చూసి చూసి ఒకరోజు అన్నాడు: "అరేయ్, గీ లెక్కన నీ కారుల అత్తరు పోసినా సస్తగ పడ్తది."

"గిది పైసల ముచ్చట గాదు బాపు. ఇజ్జత్ ముచ్చట."

"దుకాణపోని కొడుకువు. నీకు ఆ రెండు వేరువేరెట్లయినయ్‌రా?"

అయినా నేను తగ్గలేదు. చివరికి బాపు ఒక షరతు పెట్టాడు. మర్నాడు పొద్దున్నే ఆయన బోధన్‌లో ఒక దుకాణానికి సామాను చేరవేయాలి. నా కారు నా నూనెతో, ఎక్కడా ఆగకుండా బోధన్ చేరితే అది నాది. దారిలో ఆగితే బోధన్‌లో పాత ఇనుము కొనే తూకం భాయిది, ధర కూడా అప్పుడే ఫోనులో అడిగి పెట్టాడు. (ఏ వస్తువు చూసినా ఎంత బరువుంటుందో అని చేత్తో అంచనా కట్టేవాడు కాబట్టి ఆ పేరు.) నేను వెంటనే ఒప్పుకున్నాను. షరతులో కూడా కొసరు అడగాలన్న ఆలోచన ఆ రోజే రాలేదు నాకు.

చలికాలం. వెనక సీటు నిండా బిందెలు, ముందు సీట్లో శాలువా కప్పుకుని బాపు. ఎడపల్లి దాకా అంబాసిడరు పెళ్లికొడుకులా వెళ్లింది. ఎడపల్లి దాటి చెరకు తోటలు మొదలయ్యాక ఒకసారి ఎక్కిళ్లు పెట్టింది. ఇంకాస్త దూరం పోయాక నిట్టూర్చి రోడ్డు పక్కన ఆగిపోయింది. బానెట్ ఎత్తి ఫిల్టరు విప్పితే లోపల నా తేనెరంగు ఇంధనం తెల్లగా, నెయ్యిలా పేరుకుని ఉంది. బజ్జీల బండ్లన్నిటిలో వాడేది పామాయిలు. మా పక్క కిరాణా ఆయన చలికాలమంతా పామాయిలు డబ్బాలను ఎండలో పెట్టి కరిగించడం పుట్టినప్పటి నుంచీ చూస్తున్నాను. డబ్బాలో గడ్డకట్టేది కారులోనూ గడ్డకడుతుందని మాత్రం తోచలేదు. బాపు ఫోను తీసి, "తూకం భాయి, ఎడపల్లి దాటినంక రోడ్డు మీదికి రా," అన్నాడు.

ఆయన వచ్చేలోపు కారు నడిపించాలి. పక్క చేనులో పొగ కనిపించింది. కోస్తా వైపు నుంచి తాతల నాడే వచ్చి స్థిరపడ్డ ఒక రైతు అక్కడ బెల్లం వండిస్తున్నాడు. పరుగెత్తుకెళ్లి, బకెట్టు వేడినీళ్లకు ఏమిస్తే బాగుంటుందో అడిగాను, గ్లాసుల సెట్టు దాకా పోవచ్చని లోపల అనుకుంటూ. "నీళ్లకి బేరమేంటండీ, పట్టుకెళ్లండి," అన్నాడాయన. (ఊరికే ఇచ్చినదాన్ని ఎలా తీసుకోవాలో మా ఇంట్లో ఎవరూ నేర్పలేదు.)

తిరిగొచ్చేసరికి తూకం భాయి వచ్చేశాడు. కారు చుట్టూ తిరిగి, టైరును కాలితో తన్ని, "సేట్, గిది బండి గాదు, రేకుల డబ్బ. నూనె గూడ గడ్డకట్టింది. నేను ముందుగాల చెప్పినదాంట్ల సగం ఇస్త," అన్నాడు.

అప్పుడు చూశాను బాపు మొహం. కొనవచ్చినవాడు బిందెను గోటితో కొట్టి "పల్చగున్నది" అన్నప్పుడు మారే మొహం.

"రేకుల డబ్బనా? ఒక్కపారి తలుపు ఏసి సూడు. గా సప్పుడు ఇప్పటి కార్లకు వస్తదా?"

"సప్పుడుదేమున్నది సేట్. నడ్వది గద."

"నడ్వక గాదు, సలికి ఆగింది. ఇగో, తానానికి నీళ్లొస్తున్నయ్. బంకు మొఖం సూడకుండ నడిసే కారు జిల్లాల ఇంకోటి సూపెట్టు. నూనె మావోడు సొంతంగ తయారుజేస్తడు. నీకొస్తదా?"

బకెట్టు పట్టుకుని అలాగే వింటున్నాను. నెలల తరబడి నేను చెప్పబోతే నోరు మూయించిన మాటలన్నీ ఆయనకు కంఠతా వచ్చు. తూకం భాయి కొంత పెంచాడు. బాపు తల అడ్డంగా ఊపి "ఇయ్య" అన్నాడు. మొదట చెప్పిన ధరకు వచ్చాడు. "ఇయ్య." దాని మీద ఇంకొంచెం వేశాడు. "ఇయ్య."

"మరి నన్నెందుకు పిలిసినవ్ సేట్?"

"ఎంతంటవో సూద్దామని."

ఫిల్టరు మీద వేడినీళ్లు పోశాను. తాళం తిప్పితే రెండుసార్లు దగ్గి, రోడ్డంతా బజ్జీల పొగ వదిలి, ఇంజను అందుకుంది. బోధన్ పొలిమేరలో బాపు లెక్క తేల్చాడు.

"షరతు ఓడినవ్. ఆగింది."

"ఔ బాపు."

"గని అమ్మేది లేదు. మన సామాన్‌ను తక్కువ జేసి మాట్లాడిండు వాడు." శాలువా సర్దుకుని, "రేపటి సంది జాలి కంటె పెద్దది ఇయ్యకు," అన్నాడు. ఆ వారం బజ్జీల అక్క దగ్గరికి బేరానికి ఆయనే వెళ్లాడు. టిఫిను డబ్బా ఇచ్చేసి, కొసరుగా తెచ్చిన బజ్జీల పొట్లం చూపిస్తూ గెలిచినవాడిలా వచ్చాడు.

ఆ తర్వాత ప్రతి చలికాలం కారులో ఒక ఫ్లాస్కు వేడినీళ్లు ఉండేవి. చివరికి నా నూనే దాని రబ్బరు గొట్టాలను తినేసింది. ఇప్పటి నా కారుకు అలాంటి నూనె సరిపడదు, బంకుకు పోక తప్పదు. పోతాను. తల మాత్రం వంచను. గొట్టం లోపల పెట్టేముందు ప్రతిసారీ అడుగుతాను, "నాకెంత అన్నా?" అని. అడగకపోతే ఆ మీసం రాని మొండివాడు వెనక సీట్లోంచి వీపులో పొడుస్తాడు. మొన్న ఒకాయన నవ్వి, "నీకు గూడ గంతే సార్," అని, అడక్కుండానే ముందు అద్దం తుడిచాడు.

కొసరు. ఇన్నేళ్లకు బంకు ఒక మెట్టు దిగింది.