హబూబాతో తిమింగలం చూడబోయిన రోజు

మొన్న మధ్యాహ్నం అన్నాలు తిని నడుం వాల్చానో లేదో, మా కూతురి కూతురు సెల్‌ఫోన్ పట్టుకొచ్చి నా ముఖం మీద పెట్టింది. అందులో నల్లటి తిమింగలం ఒకటి సముద్రంలోంచి పైకి లేచి, బుస్సుమని ఊపిరి వదిలి, మళ్ళీ మెల్లగా లోపలికి జారిపోయింది. అవ్వా, ఇది మనిషిని మింగుతుందా అని అడిగింది పిల్ల. ఇంకెవరైనా అయితే అవుననో కాదనో చెప్పేసి అటు తిరిగి పడుకుందురు. నేను మాత్రం లేచి కూర్చున్నాను. పోయి మీ అమ్మనడుగు పో అని తరిమేశాను గానీ, ఆ తర్వాత కునుకు పడితే ఒట్టు. ఇదే ప్రశ్నను చాన్నాళ్ళ కిందట మస్కట్ సముద్రం మీద ఇంకో బిడ్డ ఇంకో భాషలో అడగగా నేను విన్నాను. దానికి వచ్చిన జవాబుతో ఇద్దరు ఆడవాళ్ళు విధవరాండ్రయ్యారు. అందులో నేనొకదాన్ని.

మాది రాయచోటి పక్కన ఒక పల్లె. మా ఇంటాయన టమోటా లోడుతో మదనపల్లె మార్కెట్టుకు పోయినవాడు, సరుకు దించి, లారీని వెనక్కి పంపి, నేను రేపొస్తానని ఇంట్లో చెప్పండి అన్నాడట. ఆ రేపు రాలేదు. బెంగుళూరులో చూశామని ఒకరన్నారు, తిరుమల మెట్ల దారిలో గడ్డంతో కనబడ్డాడని ఇంకొకరన్నారు, ఎవరి నోటికి ఏది వస్తే అదన్నారు. పోట్లాడి పోయినవాడు కాదు, అప్పుల్లో మునిగినవాడూ కాదు, ఎందుకు పోయాడో ఆ దేవుడికే ఎరుక. నా ఒళ్ళో పాలు మరవని కూతురు. మన ఈడువాళ్ళకు నేను చెప్పాలా, ఆ రోజుల్లో మా వైపు ఇంటికొక ఆడది కువైట్‌లోనో మస్కట్‌లోనో ఉండేది. కొన్నాళ్ళు చూసి, బిడ్డను మా అన్నావదినల దగ్గర వదిలి, నేనూ కళ్ళు మూసుకొని విమానం ఎక్కాను.

నేను చేరిన ఇల్లు మస్కట్ ఊరి చివర, సముద్రం గాలి తగిలేంత దగ్గరలో ఉండేది. ఇంటి యజమాని, ఆయన భార్య, నలుగురు పిల్లలు, యజమాని తల్లి. ఆ ముసలామెను పిల్లలు హబూబా అనేవాళ్ళు, అంటే వాళ్ళ భాషలో అవ్వ. నేనూ అదే పిలుపు పట్టుకున్నాను. నాకు వాళ్ళు చెప్పిన మొదటి పనుల్లో ఒకటి, గురువారం సాయంత్రం ఒక మగమనిషి దిష్‌దాషాను, అదే వాళ్ళ పొడుగు చొక్కాను, ఉతికి ఇస్త్రీ చేసి సాంబ్రాణి పొగ పట్టి హబూబా గదిలో కొక్కేనికి తగిలించడం. శుక్రవారం నమాజుకు వేసుకోవడానికన్నమాట. ఆ చొక్కా యజమాని కొలత కాదు, ఆయనకది పొట్టి. మరి దీన్ని వేసుకునే ముసలాయన ఎప్పుడొస్తాడా, ఏ గదిలో ఉంటాడా అని నేను నెల్లాళ్ళు చూశాను. రాడే! వేసుకోని చొక్కా వారం వారం మాయకుండానే ఉతుక్కు వచ్చేది. చివరికి డ్రైవరు చెప్పాడు, ఆ మనిషి చేపల వేటకు పోయి పాతికేళ్ళయిందని.

హబూబాది సూర్ అనే రేవు ఊరి వైపు బెస్తపల్లె. పడవతో పోయిన మొగుడు రాలేదు, పడవా రాలేదు, ఒక్క చెక్క ముక్కయినా ఒడ్డుకు కొట్టుకురాలేదు. ఖాజీ కొన్నేళ్ళు ఆగి, ఇక లేనట్టేనని తీర్పు చెప్పాడట. ఈమె ఒప్పుకోలేదు. వాళ్ళలో మొగుడు పోయిన ఆడది నాలుగు నెలల పది రోజులు నగా నట్రా తీసేసి, కాటుకా అత్తరూ మాని, ఇల్లు కదలకుండా ఉండాలి, దాన్ని ఇద్దా అంటారు. పోనివాడికి ఇద్దా ఏమిటని ఈమె బంగారు గాజులతోనే తిరిగేది. కాళ్ళు పిసుకుతుంటే నాకు మళ్ళీ మళ్ళీ ఒకే కథ చెప్పేది. యూనుస్ అనే ప్రవక్తను పెద్ద చేప మింగిందట, ఆయన దాని కడుపులోనే దేవుణ్ణి ప్రార్థించాడట, అది ఆయన్ను ప్రాణాలతో తెచ్చి ఒడ్డున వదిలిందట. ప్రవక్తను దాచి ఇచ్చిన చేప, దేవుడు తలిస్తే నావాణ్ణి మాత్రం ఇవ్వదా అనేది. ఆమె మాట అరబ్బీ, నా మాట కడప తెలుగు, మధ్యలో ఇద్దరికీ సగం సగం వచ్చిన హిందీ. అయినా ఆ కథ నాకు మొదటిసారికే అర్థమైంది. ఎదురుచూసేవాళ్ళ భాష ఒకటే కదా.

నా జాకెట్టు లోపల దాచుకున్న తాళిబొట్టు ఆమె కంట పడ్డ రోజున నా సంగతీ చెప్పాను. ఆ తర్వాత మా ఇద్దరికీ అదొక పరాచికం. నీ వాడు లారీ మీద పోయాడు, నా వాడు పడవ మీద పోయాడు, ఎవడు ముందొస్తాడో పందెం అనేది. నా వాడే అనేదాన్ని నేను, బస్సు ఛార్జీలు తక్కువని. పళ్ళు లేని నోటితో పడీ పడీ నవ్వేది. కోడలు వచ్చి, ఏమిటమ్మా మీ గోల అని చూసి పోయేది.

ఇట్లా ఏళ్ళు గడిచి, మా అమ్మాయి పెళ్ళీడుకొచ్చింది. మంచి సంబంధం వచ్చింది, అబ్బాయికి సొంత లారీ, మర్యాదస్తులు. వాళ్ళడిగింది ఒకటే, పిల్ల తండ్రి ఉన్నాడా లేడా అని. ఉంటే పీటల మీద ఎందుకు కూర్చోడు, లేకుంటే తల్లి మెడలో తాళి ఎందుకుంది? న్యాయమే కదా. పన్నెండేళ్ళు కనబడని మనిషికి దర్భతో బొమ్మ చేసి దహనం చేసి కర్మలు జరిపించవచ్చునని మన పెద్దలు పెట్టిన పద్ధతి. ఆ గడువు దాటి చాలా కాలమైంది. మా అన్న శుక్రవారం శుక్రవారం ఆ ఇంటికి ఫోన్ చేసేవాడు.

"ఎన్నాళ్ళని ఇట్ల నానుస్తావమ్మా? ఉండాడో లేడో ఒక మాట చెప్పమంటాండారు వాళ్ళు. నువ్వు ఊ అంటే మిగతాదంతా నేను చూసుకుంటా."

ఆ ఒక్క ఊ నా గొంతు దాటేది కాదు. అనకపోతే బిడ్డ పెళ్ళి చెడుతుంది. అంటే, బతికున్నాడో ఏమో తెలియని మనిషిని నా నోటితో నేనే చంపినట్టవుతుంది. వచ్చే శుక్రవారం చెబుతానన్నా అంటూ నెట్టుకొచ్చాను. నా ఈ గోడంతా హబూబాకు చెప్పుకునేదాన్ని. వాళ్ళు పండగ నెల దాటితే వేరే సంబంధం చూసుకుంటామని కబురు పెట్టారు.

అప్పుడే పిల్లలకు బడి సెలవులిచ్చారు. డాల్ఫిన్లను చూపించే పడవలో పోదామని వాళ్ళు తండ్రి ప్రాణం తీస్తే సరేనన్నాడు. ఈ మధ్య పిల్లతో ఒక తిమింగలం కూడా ఆ నీళ్ళలో తిరుగుతోందని, అదృష్టముంటే కనబడుతుందని పడవాయన ఫోన్‌లో చెప్పాడట. ఆ మాట హబూబా చెవిన పడింది. మొగుడు పోయినప్పటి నుంచి అలలో కాలు తడపని మనిషి, తెల్లారేసరికి నల్లటి పొడుగు అబాయా వేసుకొని, కళ్ళకు కాటుక దిద్దుకొని, గాజుల గలగలతో వాకిట్లో నిలబడింది. నేనూ వస్తాను అంది. కొడుకు నోరు తెరిచాడు గానీ వద్దనే ధైర్యం చేయలేదు. ఆమె వస్తే నేనూ తప్పదు.

మాది ఏడాదిలో సగం రోజులు ఇసుక తప్ప నీళ్ళు కనబడని ఏటి పక్క ఊరు. బావి తప్ప లోతైన నీళ్ళు ఎరగని దాన్ని నన్ను పడవెక్కిస్తే ఏమవుతుంది? ఒడ్డు దాటీ దాటకముందే కడుపులో ఉన్నదంతా సముద్రానికి సమర్పించుకున్నాను. నిమ్మకాయ వాసన చూస్తూ, నీళ్ళలో మునగకుండా వాళ్ళు కట్టిన నారింజరంగు జాకెట్టుతో గంగిరెద్దులా కూర్చున్నాను. పిల్లలు నన్ను చూసి ఒకటే నవ్వు. హబూబా మాత్రం నీళ్ళ మీంచి చూపు తిప్పలేదు. పెదవులు కదులుతున్నాయి, చేతిలో జపమాల తిరుగుతోంది. డాల్ఫిన్లు గుంపులు గుంపులుగా వచ్చి ఎగిరినా ఆమె వాటి వంక చూడలేదు.

చాలాసేపటికి పడవాయన ఇంజను ఆపేశాడు. అంతా నిశ్శబ్దం. ఉన్నట్టుండి మా పక్కనే, కొలిమితిత్తి ఒక్కసారి వదిలినట్టు ఊపిరి శబ్దం వచ్చింది. చేపల నీచు వాసన గుప్పుమంది. నీళ్ళలోంచి నల్లటి వీపు లేచింది, లేస్తూనే ఉంది, ఎంతకీ ముగియదు. దాని పక్కన చిన్న వీపొకటి, చిన్న ఊపిరొకటి. తల్లి మెల్లగా పోతుంటే పిల్ల దాన్ని ఒరుసుకుంటూ పోతోంది. భయమేస్తుందనుకున్నాను, వేయలేదు. ఇంత పెద్ద ప్రాణి ఇంత నెమ్మదిగా, తన పనేదో తాను చూసుకుంటూ ఉండటం చూస్తే నాకెందుకో ఏడుపొచ్చింది. బిడ్డను వదిలి వచ్చినదాన్ని కదా.

అప్పుడే, నేను ఆ ఇంట్లో చేరాక పుట్టిన హబూబా చిన్న మనవడు పడవాయన్ని అడిగాడు, ఇది మనిషిని మింగుతుందా అని. ఆయన నవ్వి, లేదు నాన్నా, ఒళ్ళే అంత గానీ దీని గొంతు చిన్నది, చిన్న చేపలు తప్ప దిగవు, మనిషి తలకాయ కూడా పట్టదు అని పిడికిలి చూపించాడు. పాపం, ఆయనకేం తెలుసు? పిల్లాడి భయం పోగొడుతున్నాననుకున్నాడు. హబూబా చేతిలో జపమాల ఆగిపోయింది. నేను ఆమె చెయ్యి పట్టుకున్నాను. ఆ పెద్ద వీపు, చిన్న వీపు రెండూ మునిగిపోయి, నీళ్ళు మళ్ళీ ఏమీ ఎరగనట్టు చదునుగా అయ్యేదాకా ఆమె చూస్తూనే ఉంది. ఆ తర్వాత నాకొక్కదానికే వినబడేట్టు అంది.

"యూనుస్ ప్రవక్త కదా. అందుకని దేవుడు ఆయన కోసం వేరే చేపను పంపాడు. నావాడు ఉత్త బెస్తవాడు."

అంతే. ఏడవలేదు. తిరుగు దారంతా నా భుజం మీద తల పెట్టుకొని కూర్చుంది. నలభై ఏళ్ళుగా ఒక చేప కడుపులో మొగుణ్ణి పదిలంగా దాచుకున్న మనిషి, ఆ ఒక్క పూటలో వాణ్ణి నీళ్ళకు వదిలేసింది.

ఆ గురువారం నేను ఇస్త్రీపెట్టె వేడి చేసుకొని పోతే దిష్‌దాషా ఇవ్వలేదు. మసీదు దగ్గర ఎవరైనా లేనివాడికి ఇవ్వమని డ్రైవరు చేతికిచ్చింది. గాజులు ఆమె చేతినుంచి రాలేదు, ఎముకలకు పట్టుకుపోయాయి. సబ్బునీళ్ళు పెట్టి నేనే తీశాను. రంగూ అంచూ లేని బట్టలు కట్టుకొని ఇద్దా కూర్చుంది. నీకిప్పుడు ఇవన్నీ అక్కర్లేదమ్మా, గడువు ఎప్పుడో తీరిపోయిందని కొడుకు బతిమాలాడు. గడువు ఖాజీకి తీరింది, నాకు ఇప్పుడే మొదలైంది అంది. నా వంక తిరిగి, పందెం ఇద్దరం ఓడిపోయాం పిల్లా, బిడ్డ దారికి అడ్డం పడకు అంది.

ఆ శుక్రవారం మా అన్న ఫోన్ చేస్తే ఊ అన్నాను. ఫోన్‌లో అతని ముక్కు చీదుడు వినబడింది.

అక్కడ మా ఊరి పక్క చెయ్యేటి ఇసుకలో దర్భబొమ్మను కాల్చిన రోజున, ఇక్కడ నేను వంటింట్లో కూర్చొని తాళి తీసి పాలగిన్నెలో వేశాను. మన ఊళ్ళో అయితే ముత్తైదువలు, విధవలు, ఏడ్చేవాళ్ళు, ఏడిపించేవాళ్ళు ఎందరుందురో! నాకు ఎవరున్నారు? గది దాటని హబూబా గోడ పట్టుకుంటూ వంటింట్లోకి వచ్చి, నా ఎదురుగా నేల మీద చతికిలబడి, నా తల తన ఒళ్ళోకి లాక్కుంది. అప్పుడు ఏడ్చాం ఇద్దరం. ఆమె తన వాడి పేరు పెట్టి ఏడ్చింది. నేను మొగుడి పేరు ఎన్నడూ నోట పలకనిదాన్ని, ఆ రోజు పలికి ఏడ్చాను.

పెళ్ళికి సెలవు మీద వచ్చాను. మా అన్నావదినలు పీటల మీద కూర్చొని కన్యాదానం చేశారు. బోసి మెడతో నేను వంటవాళ్ళ వైపు తలుపు చాటున నిలబడి, అక్కడినుంచే అక్షింతలు వేశాను. అవి నా బిడ్డ దాకా చేరలేదు. దాని కాపురం మాత్రం చల్లగా సాగింది, అది చాలు. హబూబా పోయినట్టు నేను ఊరికి తిరిగొచ్చేసిన కొన్నేళ్ళకు తెలిసింది.

ఇప్పుడు రోజులు మారిపోయాయి. మా అల్లుడు లోడుతో చెన్నైకి పోతే, లారీ ఏ టీకొట్టు దగ్గర ఆగిందో మా అమ్మాయి ఇంట్లో కూర్చొని ఫోన్‌లో చూస్తుంది. ఒక గంట ఫోన్ ఎత్తలేదంటే ఇల్లంతా తలకిందులు. మంచిదే, నా ఎదురుచూపు పగవాళ్ళకు కూడా వద్దు. మస్కట్ పోయిన ఆడపిల్లలు కూడా ఇప్పుడు రోజూ బిడ్డ ముఖం చూసుకుంటున్నారు. మా కాలంలో మనిషి తప్పిపోవడానికి లోకంలో చోటుండేది, వాడు ఎక్కడో బతికున్నాడని నమ్ముకోవడానికీ చోటుండేది. ఆ చోటులోనే నేనూ హబూబా ఎన్నేళ్ళు నవ్వుకుంటూ బతికాం! ఇప్పటికీ సందు మొదట్లో లారీ ఆగిన చప్పుడైతే, కర్మలు జరిగిన మనిషి కోసం నా చెవి నిక్కుతుంది, సిగ్గులేనిది.

సాయంత్రం మనవరాలు మళ్ళీ వచ్చింది. అవ్వా, అది మనిషిని మింగలేదంట, గొంతు చిన్నదంట, ఫోన్‌లోనే ఉంది అంది. అవును తల్లీ, మింగలేదు అన్నాను. ఊరుకోలేక, ఒక్కసారి మాత్రం ఒకాయన్ని మింగి, ప్రాణాలతో తెచ్చి మళ్ళీ ఒడ్డున వదిలిందట అన్నాను. పిల్ల కళ్ళు ఇంతవి చేసుకొని, ఎవర్ని అవ్వా అంది.

ఎవరో పెద్దాయన్ని తల్లీ, మీ తాతను కాదు అన్నాను.