పాత కాయిల్

మా బావగారు దివిసీమలో డాక్టరు. గుడివాడలో ఆయనకి పని నేర్పిన పెద్ద డాక్టరుగారు వయసు మీద పడి ప్రాక్టీసు మానేస్తూ తన పాత ఇంగ్లండు కారుని ఈయనకి ఇచ్చేశారు. చిన్న కారే గానీ దర్జాకేం తక్కువ లేదు. ఎర్ర తోలు సీట్లు, స్టీరింగు ముందు నున్నటి చెక్క పలక, అందులో గుండ్రటి గడియారం. ఆ మట్టి రోడ్ల మీద దానికి రోజూ ఏదో ఒక జబ్బు. చుట్టుపక్కల మెకానిక్కులకి ట్రాక్టర్లూ లారీలూ తప్ప తెలియవు కాబట్టి వైద్యం కూడా ఈయనే చేసుకునేవారు. రోగులని పంపించేసి, బనీనుతో కారు కింద దూరితే మళ్ళీ భోజనానికే బయటికి రావడం.

"నీకు సవతిని తెచ్చాడే మీ ఆయన" అని నేను ఏడిపిస్తే అక్క నవ్వేది.

"సవతైతే నాలుగు గిన్నెలన్నా తోమేది. దీనికి నేనే చాకిరీ చెయ్యాల్సొస్తోంది" అనేది.

అది నిజమే. ఇంజన్లో నాలుగు ప్లగ్గులకీ కరెంటు పంచే నల్లటి మూత ఒకటుంటుంది, డిస్ట్రిబ్యూటర్ మూత. దానికి చెమ్మ తగిలితే కారు కదలదు. సముద్రం పక్కన ఊళ్ళో చెమ్మకేం కొదవ? అందుకని మబ్బు పడితే చాలు, అక్క బానెట్ ఎత్తి ఆ మూతని వైర్లతో సహా పీకి, పాత చీర గుడ్డలో చుట్టి బియ్యం డబ్బాలో కూరేసేది. తేమంతా బియ్యం లాగేసేవి. వాన వెలిశాక బావగారు తీసి బిగించేవారు. పీకడం అక్క పని, బిగించడం ఆయన పని. ఎవరూ కూర్చుని అలా పంచుకోలేదు, అలా అలవాటైపోయింది. కాలవ గట్టు మీద డ్రైవింగు మాత్రం ఆయన అక్కకి శ్రద్ధగా నేర్పారు. ఊరి ఆడవాళ్ళు నోళ్ళు వెళ్ళబెట్టి చూసేవారట.

ఆ కార్తీకంలో కారు స్టార్టవడానికి మొండికేస్తోంది. ప్లగ్గులకి కావలసిన కరెంటు పుట్టించే కాయిల్ పోయిందేమోనని బావగారికి అనుమానం. కొత్తది తేవడానికి బస్సెక్కి గుడివాడ వెళ్ళారు. ఆయన బయల్దేరేసరికే ముసురు పట్టింది. అక్క అప్పటికే మూత పీకి బియ్యంలో పెట్టేసింది. మర్నాడు బస్సులు ఆగిపోయాయి. చేతిలో కొత్త కాయిల్ పెట్టుకుని ఆయన గుడివాడలో ఉండగానే సముద్రం దివిసీమ మీదికి వచ్చింది.

అక్క మాకు దొరకలేదు. ఆ ఊళ్ళో ఏం చూశానో నేను రాయలేను, రాయను కూడా. బావగారు అక్క కోసం గట్లూ పొలాలూ తిరిగి తిరిగి, చివరికి బురదలో కూరుకుపోయిన కారుని ట్రాక్టరుకి కట్టించుకుని బందరులో మా ఇంటికి వచ్చారు. పెళ్ళాం పోతే కారు ఈడ్చుకొచ్చాడని వీధంతా చెవులు కొరుక్కుంది. నేను చెవులు కొరికే రకం కాదు, మొహం మీదే అడిగాను.

"మా అక్క కంటే ఇదే ఎక్కువైపోయిందా బావా మీకు?"

ఆయనకి కోపం రాలేదు. "బానెట్ ఎత్తి చూడమ్మా" అన్నారు.

ఎత్తాను. బురద, నాచు. వాటి మధ్య, బియ్యం డబ్బాలో ఉండాల్సిన ఆ నల్ల మూత దాని చోట్లో బిగించి ఉంది. వైర్లు ప్లగ్గులకి తగిలించి ఉన్నాయి. అక్క కారు తీసుకుని బయటపడాలనుకుంది.

"ఈ నడిమి రెండు వైర్లూ అటుది ఇటు, ఇటుది అటు పెట్టింది" అన్నారాయన, వేలితో చూపిస్తూ. "ఇలా ఉంటే ఎంతసేపు సెల్ఫు కొట్టినా స్టార్టవదు. ఏది ఎక్కడ పెట్టాలో నేనెప్పుడూ చెప్పలేదు."

"అక్క అడగలేదా?"

"అడిగింది. అన్నీ నువ్వే చేసేస్తే ఇంక నేనెందుకూ అని నవ్వేవాణ్ణి."

ఆ తర్వాత ఆయన చెప్పింది ఇది. కాయిల్ నిజంగానే చచ్చిపోయి ఉంటే, వైర్లు సరిగ్గా పెట్టినా కారు కదిలేది కాదు. కాయిల్‌కి గట్టి సీలుంటుంది, ఉప్పునీళ్ళు లోపలికి పోవు. కాబట్టి కారంతా బాగుచేసి, ఆ పాత కాయిల్‌తోనే స్టార్ట్ చేసి చూడాలి. స్టార్టవకపోతే అక్క ఎలాగూ వెళ్ళలేకపోయేదన్నమాట. మనిషి ఆ ఒక్క మాట పట్టుకుని వేలాడుతున్నాడు. ఇంక నేనేం తిడతాను?

చేతులు మడుచుకుని కూర్చోలేక నేనూ దిగాను. ఉప్పు వదలాలంటే మంచినీళ్ళతో కడగాలి. బందరు బావుల్లో ఉన్నదీ ఉప్పునీళ్ళే. తాగడానికి పంపు దగ్గర పట్టుకున్న బిందెలు కారుకి పోశాం. పట్టేసిన పిస్టన్లు వదలడానికి ప్లగ్గు కన్నాల్లో కిరసనాయిలు పోసి నానబెట్టాం. పెడన నుంచి తెప్పించిన అద్దకం గుడ్డల పీలికలతో ఒక్కో నట్టూ తుడిచాను. నా చీరలన్నీ గ్రీజే. అరచేతుల్లో తుప్పు వాసన అన్నం తింటున్నా వదిలేది కాదు.

మా అమ్మకి వైర్ల సంగతి చెప్పలేదు. అక్క దేవుడి ముందు దీపం పెట్టుకుని కూర్చుని, ఏం తెలియకుండానే వెళ్ళిపోయిందని అమ్మ నమ్మింది. పరామర్శకి వచ్చిన వాళ్ళందరికీ అదే చెప్పి, అదే చెప్పుకుని రాత్రి కాస్త కళ్ళు మూసేది. కారు బాగుచేస్తుంటే ఆవిడకి సంతోషం కూడాను. "పన్లో పడ్డాడు, నెమ్మదిగా కోలుకుంటాడులే" అని కాఫీలు పెట్టి పంపేది. ఆ కాఫీ గ్లాసు అందుకోవడానికి ఆయన తలెత్తేవారు కాదు.

చివరికి ఒక పొద్దున పని పూర్తయింది. గుడివాడ నుంచి తెచ్చిన కాయిల్ అట్టపెట్టెలోనే ఉంది. అరువు తెచ్చిన బ్యాటరీ పెట్టారు. మూత బిగించి, వైర్లు సరైన వరసలో తగిలించారు. తగిలిస్తూ ఒక్కొక్కటీ నాకు పైకి చెప్పారు. ఎవరికి చెబుతున్నారో నాకు తెలుసు. వినలేక ప్రహరీ వైపు తిరిగి నిలబడ్డాను.

ఆయన సీట్లో కూర్చున్నారు. నేను దేవుడికి దణ్ణం పెట్టుకున్నాను. స్టార్టవద్దు స్వామీ, ఇంత కష్టపడి కడిగాను, ఈ ఒక్కటీ నా మాట విను, దీన్ని స్టార్టవనివ్వకు.

ఒక్కసారి దగ్గింది. రెండోసారికి అందుకుంది. పొగ వదిలి, వణికి, సర్దుకుని, మెత్తగా ఆడటం మొదలెట్టింది. గుడివాడ డాక్టరుగారి హయాంలో కూడా అంత నెమ్మదిగా ఆడి ఉండదు.

బావగారు స్టీరింగు రెండు చేతులతో పట్టుకుని అలాగే ఉండిపోయారు. ఏడవలేదు. ఏడిస్తే బాగుండునని నాకు అనిపించింది.

చప్పుడు విని అమ్మ తడి చేతులతోనే కుంకుమ భరిణె పట్టుకుని పరిగెత్తుకొచ్చింది. బానెట్ మీద బొట్టు పెట్టింది. అక్క పోయాక అమ్మ మొహంలో నవ్వు చూడటం అదే మొదలు.

"సాధించావు నాయనా! అమ్మాయి ఉంటే ఎంత మురిసిపోయేదో!"

తాళంచెవి దాకా ఆయన చెయ్యి వెళ్ళి ఆగిపోయింది. నేను కిటికీలోంచి చెయ్యి పెట్టి తాళం తిప్పేశాను. ఇంజను ఆగింది.

అమ్మ నా మీద విసుక్కుంది.

"ఎందుకే ఆపేశావు? ఇప్పుడేగా ప్రాణం పోసుకుంది."