పసుపు ముక్కు పిట్ట

శుక్రవారం ఉదయం ఎనిమిదిన్నరకు డండాక్ ఊరి పక్కనున్న సముద్రపు ఒడ్డు బురదనేలకు చేరాను. జనవరి. తూర్పుగాలి, సన్నటి వాన, రెండు డిగ్రీలు. మెడలో బైనాక్యులర్, కెమెరా. జేబులో వాకీటాకీ. పదిహేడేళ్లు సైన్యంలో పరిశీలన పోస్టుల్లో కూర్చున్నవాడిని, ఈ మూడు రోజుల పక్షుల లెక్క డ్యూటీ పిక్నిక్ అనుకున్నాను.

మా లీడర్ గుంటూరు ఆవిడ. ఇక్కడ మందుల ఫ్యాక్టరీలో క్వాలిటీ చూస్తారు, సెలవుల్లో పక్షులు లెక్కపెడతారు. మేం వెతకాల్సింది ట్వైట్ అనే చలిదేశాల చిన్న పిట్టని. చూడ్డానికి లినెట్ అనే ఇంకో పిట్టలాగే గోధుమరంగు. చలికాలంలో ట్వైట్ ముక్కు పసుపు, లినెట్‌ది బూడిదరంగు. ఐదు చలికాలాలుగా ఇక్కడ ఒక్కటీ దొరకలేదు. ఈసారీ సున్నా వస్తే ఈ చోటును లెక్కల జాబితాలోంచి తీసేస్తారు. ఆ తర్వాత ఈ బురదను పట్టించుకునేవాడు ఉండడు.

చూశామంటే చాలదు, ఫోటో కావాలని మొదటిరోజే చెప్పారు. వాళ్ల ఫ్యాక్టరీలో రికార్డు లేని పని జరగనట్టేనట.

రెండు రోజులూ లినెట్లే. కుదురుగా కూర్చోలేకపోయాను. గట్టు ఈ చివర నుంచి ఆ చివరకు ఎన్నిసార్లు తిరిగానో. కుక్కతో వెళ్తున్న రైతు ఎలా ఉందని అడిగితే ఇక్కడివాళ్లలాగే గ్రాండ్, బ్రహ్మాండం అన్నాను. అబద్ధం.

ఆదివారం, మధ్యాహ్నం మూడూ పది. పన్నెండు మీటర్లలో ఎండుగడ్డి కాడ మీద వాలింది. పసుపు ముక్కు. చెయ్యి కెమెరా మీదికి పోలేదు, వాకీటాకీ మీదికి పోయింది.

"మేడం, ట్వైట్ ఒకటి. పన్నెండు మీటర్లు, ఈశాన్యం. ఫోటోకి పర్మిషన్ ఇవ్వండి."

ముందు రిపోర్టు, తర్వాత ఆర్డరు, ఆ తర్వాతే వేలు కదలాలి. నాకు ఒంటబట్టింది అదే.

"పర్మిషన్ ఏంటండీ బాబూ, ముందు నొక్కండి."

నొక్కాను. పిట్ట అప్పటికే లేచిపోయింది.

ఆవిడ బురదలో పడుతూ లేస్తూ పరుగెత్తుకొచ్చారు. వెలుతురు పోయేదాకా ఇద్దరం వెతికాం. కారులో ఆవిడ ఫారం ఒళ్లో పెట్టుకుని పెన్ను తీశారు.

"మీరు చూశారంటే నేను నమ్ముతానండీ. కానీ రాయలేను."

సున్నా వేశారు. నన్ను తిట్టి ఉంటే బాగుండేది.

సోమవారం లెపర్డ్స్‌టౌన్‌లోని మా ఇంటికి వచ్చాను. సైన్యంలో ఆర్డరు కోసం ఆగినందుకు ఎన్నడూ బాధపడలేదు. ఇప్పుడు పడుతున్నాను. ఎందుకూ పనికిరాని ఫోటో కదా, తీసెయ్యమంటుంది మా ఆవిడ. తీసెయ్యలేదు. అందులో వాన, బురద, ఒక గడ్డి కాడ. కాడ ఇంకా పిట్ట బరువుకు వంగే ఉంది.