మోకాళ్ళు తగిలే విమానం: చాండ్లర్ నుంచి టూసాన్‌కి ఒక శనివారం

మేం అరిజోనాలోని చాండ్లర్‌లో ఉంటాం. మా ఆవిడ మాధవికి కాలిఫోర్నియాలోని డబ్లిన్‌లో మంచి ఉద్యోగం వచ్చింది. సోమవారంలోగా జవాబివ్వాలి. ఇక్కడి కంప్యూటర్ చిప్పుల ఫ్యాక్టరీ ఉద్యోగం వదిలి చాండ్లర్ నుంచి కదిలేది లేదని నేను మొండికేశాను. రెండు రోజులుగా ఇంట్లో మాటల్లేవు. ఈ ట్రిప్ నెల ముందే అనుకున్నది కాబట్టి తనూ వచ్చి కార్లో కూర్చుంది. అంత అలకలోనూ పులిహోర, పెరుగన్నం సర్దడం మాత్రం మానలేదు.

మేం చూడబోయింది ఏఎన్‌టీ-2. సోవియట్ వాళ్ళు 1920లలో పూర్తిగా లోహంతో కట్టిన తొలి విమానం, ఇద్దరు ప్రయాణికుల కోసం చేసిన చిన్న ప్రోటోటైప్, అంటే పరీక్షించి చూసే నమూనా. టూసాన్ శివార్లలో ఇరీనా అనే రిటైర్డ్ మెషినిస్టు దాని క్యాబిన్‌ను తన షెడ్లో అచ్చం అసలు కొలతలతో కట్టుకుంది. చూడటానికి టికెట్ లేదు, ముందే ఈమెయిల్ చేస్తే చాలు. ఎనిమిదింటికి బయల్దేరి ఐ-10 హైవే మీద దక్షిణంగా డ్రైవ్ చేసి పదింటికల్లా చేరాం. దారి పొడవునా జీపీఎస్ ఒక్కటే మాట్లాడింది.

రేకుల షెడ్డుకి వేసినట్టు విమానం ఒంటినిండా ముడతలే. ఎందుకని అడిగాను. "కాగితాన్ని మడతలు పెట్టి నిలబెట్టి చూడండి, నిలుస్తుంది. పల్చటి రేకైనా అంతే" అంది ఇరీనా, దాని వీపు నిమురుతూ. తర్వాత లోపల కూర్చోవాలంటే బరువు చెప్పమంది. క్యాబిన్ స్టాండ్ల మీద ఉంది, ఇద్దరూ కలిసి మూడు వందల పది పౌండ్లు దాటకూడదట. నేను ఠక్కున డ్రైవింగ్ లైసెన్స్ మీద రాసి ఉన్న బరువే చెప్పాను: నూట అరవై ఐదు.

మాధవి పకపకా నవ్వింది. "అది మన పెళ్ళప్పటి వెయిట్!"

రెండు రోజుల తర్వాత తను అన్న మొదటి మాట అదే. నా పరువు పోయినా ప్రాణం లేచొచ్చింది. ఇరీనా ఊరుకోకుండా తూకం యంత్రం తెచ్చింది. నేను నూట ఎనభై ఒకటి, మాధవి నూట ఇరవై ఎనిమిది. ఒక్క పౌండు తేడాతో గట్టెక్కాం. పులిహోర సంచి బయటే ఉండిపోయింది.

లోపల సీట్లు ఎదురెదురుగా ఉన్నాయి. మోకాళ్ళు తగులుతాయి, చూద్దామంటే ఎదుటివాళ్ళ ముఖమే కనిపిస్తుంది. బయటి నుంచి ఇరీనా చెబుతోంది: "మొదట ఎగరేసినప్పుడు తోక చాలదని తేలింది. పెద్దది చేసి మళ్ళీ ఎగరేశారు. ప్రోటోటైప్ అంటే అదే కదా!"

"విన్నావా?" అంది మాధవి. "నేను ఇల్లు అమ్మేద్దామన్నానా? ఆరు నెలలు ట్రై చేద్దామన్నా. నువ్వు వినకుండానే లెక్కలెయ్యడానికి ఎక్సెల్ ఓపెన్ చేశావు."

నిజమే. "భయమేసింది" అన్నాను. "నువ్వక్కడ సెటిలైపోతే, నేనిక్కడ ఒక్కణ్ణే..."

"పిచ్చోడా" అంటూ నా మోకాలి మీద చెయ్యి వేసింది.

"సరే, ఆరు నెలలు. ప్రతి ఫ్రైడే నేనే ఫ్లైట్ ఎక్కుతా."

"అదీ చాలకపోతే?"

"తోక పెద్దది చేద్దాం."

మధ్యాహ్నం ముగ్గురం షెడ్లోనే తిన్నాం. పులిహోరలో పులుపు దేనిదని అడిగి, చింతపండు అని విన్నాక ఇరీనా మూడోసారి వడ్డించుకుంది.

ఆ బుల్లి విమానం అందరినీ మోసుకుపోయే రోజు రాలేదు. కానీ దాన్ని కట్టి నేర్చుకున్నవాళ్ళు తర్వాత పెద్దవి కట్టారు. అన్నీ ముందే తేలితేనే కదలాలనుకునే నాకు అదంటే చచ్చేంత ఇష్టం పుట్టింది. తిరుగుదారిలో పెట్రోల్ పోయించుకుని వచ్చేసరికి మాధవి ఫోన్లో జవాబు టైప్ చేసి, పంపకుండా నా చేతికిచ్చింది. 'సెండ్' నేనే నొక్కాను.

వెళ్ళాలనుకునేవాళ్ళకి ఒక్క సలహా: ఇంట్లోనే బరువు చూసుకుని బయల్దేరండి, లైసెన్స్‌ని నమ్మకండి. ఎవరితో అలిగారో వాళ్ళనే తీసుకెళ్ళండి. ఆ క్యాబిన్లో ముఖం తిప్పుకోవడానికి చోటు లేదు.